ముద్ద దిగడం లేదన్న మనిషికి గ్యాస్ గోలీ ఇచ్చి పంపకండి

ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లోని ఆర్‌ఎంపీలకు, పీఎంపీలకు, మందుల షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

నేను హనుమకొండలో జీర్ణకోశ వ్యాధులు చూసే డాక్టర్‌ని. ఎండోస్కోపీలు, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్షలు చేయడం నా రోజువారీ పని. పరకాల, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ. వాళ్లలో చాలామంది నా కన్నా ముందు మీ గుమ్మం తొక్కినవాళ్లు. అందుకే ఈ లేఖ ఆరోగ్య శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. నలభై దాటిన మనిషి ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "ముద్ద దిగుతలేదు" అన్నా, "రొట్టె ఛాతీల ఆగుతంది" అన్నా, "నీళ్లు తాగితేనే బువ్వ పోతంది" అన్నా దాన్ని గ్యాస్ అనుకోకండి. గోలీ ఇవ్వకండి, సూది వేయకండి, బాటిల్ ఎక్కించకండి. ఆ వారంలోనే గొట్టం పరీక్షకు, అంటే ఎండోస్కోపీకి పంపండి. అది అన్నవాహిక (గొంతు నుంచి కడుపులోకి అన్నం పోయే గొట్టం) క్యాన్సర్ కావచ్చు. కాదని తేలితే అందరికీ సంతోషమే. కానీ ఆ మాట తేల్చాల్సింది ఎండోస్కోపీ. గోలీ వేసి చూస్తే తేలేది కాదు.

మీ పని గురించి చట్టం ఏమంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేయకూడదు. మెడికల్ కౌన్సిల్ వాళ్లు తనిఖీలకు వస్తున్నారు, కేసులు పెడుతున్నారు. ఆ విషయంలో నేను చట్టం పక్షమే. స్టెరాయిడ్ సూదులు, అవసరం లేని యాంటీబయాటిక్‌లు ఎంత చేటు చేస్తాయో రోజూ చూస్తున్నాను కాబట్టి ఆ మాట మెత్తగా చెప్పలేను. అయితే రాత్రి పదింటికి ఊళ్లో ఎవరికి ఆయాసం వచ్చినా ముందు తట్టేది మీ తలుపే. మీరు "ఏం కాదు" అంటే ఆ ఇంటిల్లిపాదీ నిద్రపోతారు. "పట్నం పో" అంటే అప్పు చేసైనా పోతారు. ఆ నమ్మకం నాలాంటి వాళ్లకు ఏళ్లు గడిచినా దొరకదు. దాన్ని ఈ ఒక్క రోగం విషయంలో సరిగ్గా వాడమని అడుగుతున్నాను.

ఒకామె గురించి చెప్పాలి. ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు రాయను. నా కన్నా ముందు ఆమెకు వైద్యం చేసినవాళ్లు ఎవరో కూడా రాయను. వాళ్లలో ఒకరిని నిలబెట్టి అడగడం నా ఉద్దేశం కాదు. ఆమెకు జరిగిందే ఇంకా చాలామందికి జరుగుతోంది.

పరకాల అవతలి ఊరు. యాభై రెండేళ్లు. పత్తి ఏరడానికి, మిరపకాయ కోతకు కూలికి పోయేది. బీడీ ముట్టదు. కల్లు కూడా పండగకో పబ్బానికో. "నాకేం అలవాట్లు లేవు బిడ్డా" అని చెప్పింది. చెబుతున్నప్పుడు ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. ఏమిటని అడిగితే ఆకు, వక్క, తంబాకు. పదహారేళ్ల వయసు నుంచీ ఉందట. దాన్ని అలవాటు కింద ఆమె ఎన్నడూ లెక్కేసుకోలేదు. ఇంట్లో వాళ్లూ లెక్కేయలేదు.

దసరా నాడు యాటకూర ముక్క ఒకటి ఛాతీ మధ్యలో ఆగింది. చెంబెడు నీళ్లు తాగినా దిగలేదు. కాసేపటికి ముక్క, నీళ్లు అన్నీ కక్కేసింది. ఎముక గుచ్చుకుని ఉంటుంది అనుకున్నారు. ఆ తర్వాత ఆమె తనంతట తానే జొన్నరొట్టె మానేసింది. కొన్నాళ్లకు అన్నంలో చారు ఎక్కువ పోసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత గటక, ఆ తర్వాత జావ. ఇదంతా నెలల మీద జరిగింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే ఆమె అందరికీ పెట్టాక, అందరూ లేచాక, వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది. ఏం తింటోందో, ఎంతసేపు తింటోందో చూసేవాళ్లు లేరు. మన ఇళ్లలో ఆడవాళ్ల రోగాలు ఆలస్యంగా బయటపడటానికి ఇదొక పెద్ద కారణం. ఏ వైద్య పుస్తకంలోనూ ఈ సంగతి ఉండదు.

చివరికి కోడలు చూసింది. ఆమె గిన్నెలో బువ్వను గంజితో కలిపి వేళ్ల మధ్య నలిపి, గింజ అన్నది తగలకుండా చేసి, కొంచెం కొంచెం నాలుక మీద పెట్టుకుంటోంది. మెడ ముందుకు చాపి, రెండో చేత్తో ఛాతీ మీద పై నుంచి కిందికి రాసుకుంటూ మింగుతోంది. ఒక్కో గుటకకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఎన్ని రోజుల సంది అత్తమ్మా ఇది?" అని అడిగితే "గ్యాస్ తియ్, గోలీ వేసుకుంటున్న" అందట.

గోలీ నిజంగానే వేసుకుంటోంది. పొద్దున పరగడుపున ఒకటి, రాత్రి ఒకటి. మొదట్లో కొన్నాళ్లు బాగానే అనిపించింది. మళ్లీ మొదలైతే గోలీ మార్చారు. నీరసంగా ఉందంటే రక్తం తక్కువని సూదులు, గ్లూకోజు బాటిళ్లు. మధ్యలో ఇచ్చిన ఒక సూదితో ఆకలి పుట్టింది, ఒంట్లో హుషారు వచ్చింది, ముఖం కూడా నిండుగా కనిపించింది. అది ఏ సూదో మీకు నేను చెప్పనక్కర్లేదు. పట్నంలో ఒక చోట థైరాయిడ్ పరీక్ష, ఇంకో చోట ఈసీజీ తీశారు. రెండూ బాగున్నాయన్నారు. ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. గాజులు మోచేతి దాకా జారుతుంటే కోడలు పట్టుబట్టి కొడుకుతో నా దగ్గరికి పంపింది. అప్పటికి ఉగాది వెళ్లిపోయింది. దసరా నుంచి ఉగాది దాకా ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆమె ఏదో ఒక వైద్యంలోనే ఉంది.

గొట్టం లోపలికి పంపాను. పళ్ల నుంచి 28 సెంటీమీటర్ల దగ్గర, నున్నగా గులాబీ రంగులో ఉండాల్సిన గోడ స్థానంలో గోబీ పువ్వులా గరుకుగా పెరిగిన గడ్డ కనబడింది. తాకితే రక్తం కారుతోంది. నా గొట్టం సెంటీమీటరు మందం కూడా ఉండదు. అదే ముందుకు పోలేదు. ఈ మనిషి ఇన్నాళ్లు అందులోంచి జావ ఎలా దింపుకుందో అనుకున్నాను. ముక్కలు తీసి పరీక్షకు పంపితే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. మన దేశంలో అన్నవాహికలో ఎక్కువగా కనిపించే రకం అదే. సీటీ స్కాన్‌లో గడ్డ శ్వాసనాళానికి అంటుకుని ఉంది. ఛాతీలో గ్రంథులు ఉబ్బాయి. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఆ రోజు ఆమె బరువు 34 కిలోలు.

కొడుకు నన్ను వరండాలోకి పిలిచి "అమ్మకు చెప్పకండి మేడం, పుండు అయిందని చెప్పండి" అని చేతులు పట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది. "బిడ్డా, నా దగ్గర దాయకు. పత్తి అమ్మిన పైసలు ఇంట్ల ఉన్నయి. పెద్దోనికి అప్పున్నది. నేను ఎన్ని రోజులుంటనో చెప్తే దాన్ని బట్టి సూసుకుంట" అంది. నేను నిజం చెప్పాను. రోగం పూర్తిగా పోయే అవకాశం తక్కువని, కానీ ముద్ద దిగేలా, నొప్పి లేకుండా చేసే మార్గాలు ఉన్నాయని చెప్పాను. ఆమె అడిగిన రెండో ప్రశ్న, కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటే మిరప కోతకు పోవచ్చా అని.

ముందు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు, జావ, గుడ్డు కలిపిన ద్రవాహారం ఇచ్చి కొంచెం బలం రప్పించాం. తర్వాత హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపాం. కాజీపేటలో రైలెక్కి పోయి కీమోతో పాటు రేడియేషన్ పూర్తి చేసుకుని వచ్చింది. గడ్డ చాలా వరకు కరిగింది. బతుకమ్మ నాటికి మెత్తటి అన్నం తింటోంది. కోడలు ఫోన్‌లో ఫొటో చూపించింది, సత్తు ముద్దను పాలల్లో కరిగించి తాగుతోంది. ఆ రెండు మూడు నెలలు ఆమెకు నిజంగా మంచి రోజులు. తర్వాత నీళ్లు తాగితే దగ్గు రావడం మొదలైంది. అన్నవాహికకు, శ్వాసనాళానికి మధ్య రంధ్రం పడింది. లోహపు స్టెంట్ (దారి తెరిచి ఉంచే సన్నటి గొట్టం) వేసి దాన్ని మూశాం. మర్నాడు దగ్గు లేకుండా గ్లాసెడు టీ తాగింది. సంక్రాంతికి ముందు ఇంట్లోనే, తన వాళ్ల మధ్యే పోయింది. చివరి వారాల్లో మార్ఫిన్ వల్ల నొప్పి అదుపులోనే ఉంది.

దసరా అయిన వారానికే ఆమె ఎండోస్కోపీకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ ఆపరేషన్ మాట ఎత్తడానికైనా అవకాశం ఉండేది. ఆ అవకాశం ఆరు నెలల గోలీల్లో పోయింది.

ఎందుకిలా అవుతుందో చెబుతాను. అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. సాగే గుణం ఎక్కువ. లోపల గడ్డ మొలిచినా మిగిలిన గోడ సాగి దారి ఇస్తూనే ఉంటుంది. సగానికి పైగా మూసుకుపోయాకే మనిషికి మొదటి అడ్డు తెలుస్తుంది. అంటే "మొన్నటి సందే" అని పేషెంట్ చెప్పేనాటికే లోపల రోగం వయసు చాలా ఎక్కువ. పైగా పేగులకు ఉన్నట్టు అన్నవాహికకు బయట కప్పి ఉంచే గట్టి పొర లేదు. పక్కనే శ్వాసనాళం, వెనక పెద్ద రక్తనాళం. గోడ దాటిన గడ్డ నేరుగా వాటికే అంటుకుంటుంది. అందుకే ఈ రోగంలో వారాలు కూడా విలువైనవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022కి వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 70 వేల మంది. చనిపోయినవాళ్లు 66 వేల పైచిలుకు. రెండు అంకెలూ అంత దగ్గరగా ఉన్నాయంటే ఎంత ఆలస్యంగా కనిపెడుతున్నామో చూడండి.

గ్యాస్ గోలీ ఇక్కడ ఎలా మోసం చేస్తుందో కూడా మీకు తెలియాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఏదైనా సరే కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పుండు మీద మంట తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. మనిషికి నయమైనట్టే అనిపిస్తుంది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. డెక్సా అనే స్టెరాయిడ్ సూది ఇంకా ప్రమాదం. వాపు లాగేసి, ఆకలి పుట్టించి, నాలుగు రోజులు మనిషిని నిలబెడుతుంది. "ఆ డాక్టర్ సూదితోనే బాగైంది" అని పేషెంటే ఊరంతా చెబుతాడు. మళ్లీ వచ్చేసరికి నెల గడిచిపోయి ఉంటుంది.

మింగుడు పడటం లేదన్న ప్రతి మనిషికీ క్యాన్సరే అని నేను అనడం లేదు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి అడిగితే చాలా వరకు తెలుస్తుంది. క్యాన్సర్‌లో ఒక వరుస ఉంటుంది. ముందు మాంసం, రొట్టె ఆగుతాయి. తర్వాత అన్నం. తర్వాత జావ. చివరికి నీళ్లు, ఉమ్మి కూడా. ఆ వరుస వారాల్లో, నెలల్లో ముందుకు పోతుందే తప్ప వెనక్కి రాదు. బరువు తగ్గుతుంది. కాబట్టి "తింటున్నవా?" అని అడగకండి. అందరూ తింటున్న అనే చెబుతారు. "రొట్టె తింటున్నవా? ఎప్పుడు మానేసినవ్? ఎందుకు మానేసినవ్?" అని అడగండి. జొన్నరొట్టె ఇష్టంగా తినే మనిషి దాన్ని మానేశాడంటే దాని వెనక కారణం ఉంటుంది.

కొందరు, ముఖ్యంగా టెన్షన్‌లో ఉన్నవాళ్లు, గొంతులో ఏదో ఉండ అడ్డం ఉన్నట్టుందని వస్తారు. అడిగి చూస్తే అన్నం, రొట్టె హాయిగా దిగుతుంటాయి, ఉత్త గుటక వేసినప్పుడే ఆ ఇబ్బంది. అది వేరు, దానికి అంత కంగారు అక్కర్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు నీళ్లే ముందు పొలమారతాయి. ఇంకొందరికి మొదటి నుంచీ గట్టి పదార్థం, నీళ్లు రెండూ ఆగుతాయి, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అన్నవాహిక కింది చివర కండరం వదులు కాకపోవడం వల్ల అలా అవుతుంది. దానికి మంచి చికిత్సలున్నాయి, కానీ దానికీ ముందు గొట్టం పరీక్షే. బాత్రూం యాసిడ్ తాగి బతికి బయటపడ్డవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు అన్నవాహిక ముడుచుకుపోవచ్చు, ఏళ్లు గడిచాక క్యాన్సర్ ముప్పు కూడా మిగతావాళ్ల కన్నా ఎక్కువ. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు గొంతు దగ్గర ముద్ద ఆగుతోందంటే ఐరన్ సూదితో సరిపెట్టకండి. ఐరన్ బాగా తగ్గిన కొందరిలో అన్నవాహిక పై భాగంలో సన్నటి పొర ఏర్పడుతుంది. అలాంటివాళ్లకూ ఈ క్యాన్సర్ ముప్పు ఉంది.

మింగడం కష్టమైన మనిషికి గొంతు బొంగురుపోయినా, నీళ్లు తాగగానే దగ్గు వస్తున్నా, మెడ కింద ఎముక పైన గడ్డ తగిలినా, కక్కులో రక్తం కనిపించినా వారం కూడా ఆగొద్దు. మర్నాడే పంపండి.

ఎవరిని ఎక్కువ అనుమానించాలి అంటే, పొగాకును ఏ రూపంలోనైనా వాడేవాళ్లను. బీడీ, చుట్ట, గుట్కా, జర్దా, తంబాకు, అన్నీ ఒకటే. మందు తాగేవాళ్లకు ముప్పు ఉంది. పొగాకు, మందు రెండూ ఉన్నవాళ్లలో ఆ ముప్పు కూడితే వచ్చేంత కాదు, హెచ్చవేస్తే వచ్చేంత. గుడుంబా అయినా, షాపు సరుకైనా తేడా లేదు. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. 65 డిగ్రీలకు మించిన వేడితో టీ, నీళ్లు తాగడం కూడా అన్నవాహికకు బహుశా క్యాన్సర్ తెచ్చేదేనని 2016లో చేర్చింది. పొయ్యి మీంచి దించిన టీని అలాగే గొంతులో పోసుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. చల్లారనిచ్చి తాగమని మీరు చెబితే వింటారు. అయితే ఏ అలవాటూ లేదన్నంత మాత్రాన పంపడం ఆపొద్దు. ఆ అమ్మ "అలవాట్లు లేవు" అన్న మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండో మనిషి గురించి. నర్సంపేట వైపు గీత కార్మికుడు, నలభై ఏడేళ్లు. మందుల షాపు బిల్లు వెనక రాసిన చీటీ ఒకటి పట్టుకుని వచ్చాడు. దాని మీద బాల్ పెన్నుతో ఇలా ఉంది: "రొట్టె, మటన్ దిగుతలేదు. 2 వారాలు. బువ్వ పోతంది. బీడీ ఉంది. గోలీలు ఇవ్వలేదు. గొట్టం పరీక్ష చేయగలరు." కింద ఒక ఆర్‌ఎంపీ సంతకం, ఫోన్ నంబర్. పెద్ద డిగ్రీలున్న డాక్టర్లు రాసే రిఫరల్ లెటర్లు చాలా చూశాను. నాకు కావాల్సినవన్నీ ఇంత తక్కువ మాటల్లో ఉన్న చీటీ అరుదు.

ఎండోస్కోపీలో అతనికి ఒక పక్క గోడ మీదే గడ్డ ఉంది. గొట్టం సులువుగా పక్కనుంచి కడుపులోకి పోయింది. స్కాన్‌లో బయటికి పాకిన జాడ లేదు. ఐదు వారాల పాటు కీమో, దాంతో పాటు 23 సార్లు రేడియేషన్ ఇచ్చి, కోలుకున్నాక ఆపరేషన్ చేశారు. అన్నవాహిక తీసేసి కడుపునే గొట్టంగా మలిచి పైకి లాగి కలిపారు. ఈ పద్ధతి మీద నెదర్లాండ్స్ డాక్టర్లు 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్ ఒక్కటే జరిగినవాళ్లలో సగం మంది 24 నెలలు బతికితే, ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ చేసినవాళ్లలో సగం మంది 49 నెలలు దాటి బతికారు. ఇంకా ముందే, పై పొరలో ఉండగానే దొరికితే కోత లేకుండా ఎండోస్కోపీతోనే తీసేయవచ్చు. అంత తొందరగా వచ్చినవాళ్లు మన వైపు చాలా అరుదు.

అతను ఇప్పుడు చెట్లు ఎక్కడం లేదు. పూటకు కొంచెం కొంచెంగా రోజుకు ఐదారు సార్లు తింటాడు, తల కింద ఎత్తు పెట్టుకుని పడుకుంటాడు. బీడీ మానేశాడు. మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు బిడ్డ పెళ్లి కార్డు ఇచ్చి వెళ్లాడు. ఆ చీటీ రాసిన అన్న ఈ లేఖ చదువుతుంటే, నా నమస్కారం మీకు.

పంపుతామన్నా వీళ్లు పోరు మేడం అని మీరు అనొచ్చు. నిజమే, భయాలు ఉంటాయి. "ముక్క తీస్తే పాకుతది" అన్నది అన్నిటికన్నా పెద్ద భయం. ముక్క పరీక్ష వల్ల ఈ రోగం ఒళ్లంతా పాకదు. ముక్క తీయకుండా ఏ ఆస్పత్రీ క్యాన్సర్ వైద్యం మొదలుపెట్టదు. "గొట్టం వేస్తే ఊపిరి ఆడదు" అంటారు. గొట్టం పోయేది అన్నం దారిలో, ఊపిరి దారి తెరిచే ఉంటుంది. గొంతుకు మొద్దుబారే స్ప్రే కొడతాం, వికారంగా ఉంటుంది కానీ పది నిమిషాల్లో అయిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు, మామూలుగా అదే రోజు ఇంటికి పోవచ్చు. "కరెంటు పెడితే మనిషి కాలిపోతడు" అన్న మాట కూడా వింటాను. ఆ రోజుల్లో మింగితే మంట పెరుగుతుంది, నీరసం ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ఈ మాటలు నేను చెబితే సగం నమ్ముతారు. మీరు చెబితే పూర్తిగా నమ్ముతారు.

డబ్బు సంగతి. పేదవాళ్లకు క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకుపొమ్మని మీరు ముందే చెబితే పట్నంలో రెండు రోజులు కలిసొస్తాయి. ఆ అమ్మ ఇంట్లో ఆరు నెలల బాటిళ్లకు, సూదులకు పెట్టిన ఖర్చుతో ఎండోస్కోపీ ఒకటి కాదు, ఎన్నో చేయించుకోవచ్చు. ఇల్లు తాకట్టు పెట్టకముందే ఆ దారి చూపించండి.

కమీషన్ గురించి కూడా మొహమాటం లేకుండా రాస్తాను. ఏ ఆస్పత్రికి పంపితే ఎంత వస్తుందన్న లెక్క ఈ రోగంలో మనిషి ప్రాణాన్ని తినేస్తుంది. కమీషన్ ఇచ్చే చోట ఎండోస్కోపీ ఉండకపోవచ్చు. ఉన్నా ముందు ఇంకో పది పరీక్షలు రాయొచ్చు. ఇచ్చే ఆస్పత్రుల తప్పు మీ తప్పుకన్నా పెద్దది. అది మా వృత్తికే సిగ్గుచేటు, మా సంఘాల సమావేశాల్లో కూడా ఈ మాట ఇలాగే అంటున్నాను. ఎండోస్కోపీ ఏ సర్కారు ఆస్పత్రిలో, ఏ రోజుల్లో చేస్తారో కనుక్కుని మీ గోడ మీద రాసి పెట్టుకోండి. పైసలున్నవాళ్లు ఎక్కడికైనా పోతారు, లేనివాళ్లకు ఆ ఒక్క సమాచారమే దారి.

సర్కారుకు కూడా ఒక మాట ఇక్కడే. ఊళ్లలో ముప్పై దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. అదే తిరుగుడులో "రొట్టె దిగుతోందా?" అన్న ఒక్క ప్రశ్న కలపడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఏరియా ఆస్పత్రుల్లో వారానికి ఒక రోజైనా ఎండోస్కోపీ జరిగితే ఏటూరునాగారం మనిషి హనుమకొండ దాకా రావాల్సిన పని ఉండదు.

ఇంకొకటి. రోగం ముదిరిపోయి ఇంటికి వచ్చేసిన మనిషి మళ్లీ మీ చేతిలోకే వస్తాడు. అప్పుడు ఆ నొప్పికి డైక్లో సూదులు వేస్తూ కూర్చోకండి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఉంది. 2014లో చట్టం మార్చాక అనుమతి ఉన్న ఆస్పత్రులకు దాన్ని తెప్పించి ఇవ్వడం సులువైంది. ఎంఎన్‌జేలో, జిల్లాల్లోని పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాల్లో డాక్టర్లు చూసి ఇస్తారు. "ఇక చేసేదేం లేదు" అన్న మాట ఆ కుటుంబానికి చెప్పకండి. నీళ్లు కూడా దిగని మనిషికి స్టెంట్ వేయొచ్చు, పొట్ట మీది నుంచి పేగులోకి గొట్టం వేసి ఆహారం ఇవ్వొచ్చు. ఆకలితో, దాహంతో పోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పంపేటప్పుడు ఒక చీటీ రాయండి. ఏ పదార్థం ఎన్నాళ్ల నుంచి దిగడం లేదు, బట్టలు వదులయ్యాయా, బీడీ, తంబాకు, మందు ఉన్నాయా, ఇప్పటిదాకా ఏ గోలీలు, ఏ సూదులు ఇచ్చారు. స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే దాచకుండా రాయండి, అది తెలియకపోతే పేషెంట్‌కే ప్రమాదం. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడుతుంటే అవీ రాయండి. రాత్రి త్వరగా, పలచగా తినమని, ఆ తర్వాత ఏమీ తినకుండా పరగడుపున రమ్మని, వెంట ఒక మనిషిని తెచ్చుకోమని చెప్పండి. కింద మీ ఫోన్ నంబర్ వేయండి. పేషెంట్ ఒప్పుకుంటే రిపోర్టులో ఏమొచ్చిందో నేనే మీకు ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి
ఒక జీర్ణకోశ వ్యాధుల వైద్యురాలు